విడిభాగాలు తెప్పించుకుని క్రోనోగ్రాఫ్ వాచీ బిగించడం ఎలా?

"అన్నా, లక్షలు పెట్టి కొనే ఆ మూడు చిన్న డయళ్ళ వాచీ లాంటిది మనమే బిగించుకోలేమా?" అనంతపురం, కర్నూలు, కడప కుర్రాళ్ళు ఏదో ఒక రూపంలో ఈ మాట అడుగుతూనే ఉంటారు. వాళ్ళు అడిగేది క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీ. బిగించుకోవచ్చు. చేతులు వణకకుండా ఉండాలి, తొందర ఉండకూడదు. వాచీ రిపేరు నేర్చుకుని ఉండాల్సిన పని లేదు. కానీ నూటికి తొంభై మంది మొదటి అడుగులోనే తప్పటడుగు వేస్తారు. ముందు అందమైన డయల్ కొంటారు, తర్వాత దానికి సరిపోయే మిషన్ వెతుకుతారు. జరగాల్సింది దీనికి సరిగ్గా తిరగేసి. మిషన్ ఏదో తేలాకే డయల్, ముళ్ళు, కేసు అన్నీ తేలుతాయి.

ఇక్కడ మిషన్ అంటే లోపలి మూవ్‌మెంట్. రిపేరు షాపులో అడిగినా ఆ మాటే వాడతారు, నేనూ అదే వాడతాను.

ముందు ఒక హెచ్చరిక

పెద్ద కంపెనీ వాచీ ఆకారం నచ్చడం వేరు, ఆ కంపెనీ పేరు, కిరీటం గుర్తు మన డయల్ మీద వేసుకోవడం వేరు. రెండోది నకిలీ సరుకు. ట్రేడ్ మార్క్స్ చట్టం 1999 ప్రకారం ఒకరి ట్రేడ్‌మార్కును తప్పుగా వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా పడవచ్చు. అలాంటి సరుకు కస్టమ్స్‌లో పట్టుబడితే డబ్బు కూడా పోయినట్టే. అందుకే పేరు లేని ఖాళీ డయల్ తీసుకోండి, లేదా మీ ఇంటిపేరు అచ్చు వేయించుకోండి. నాకైతే ఏ పేరూ లేని డయలే బాగుంటుంది.

ఏ మిషన్ తీసుకోవాలి?

మొదటిసారికి సీకో వీకే63 తీసుకోండి. దీన్ని మెకా క్వార్ట్జ్ అంటారు. టైము నడిపేది సెల్లు, క్వార్ట్జ్. స్టాప్‌వాచ్ భాగం మాత్రం మెకానికల్‌గా పనిచేస్తుంది. అందువల్ల పెద్ద సెకన్ల ముల్లు సెకనుకు ఐదుసార్లు కదులుతూ నున్నగా తిరుగుతుంది, రీసెట్ నొక్కగానే టక్కున సున్నాకి ఎగిరి కూర్చుంటుంది. మామూలు క్వార్ట్జ్ క్రోనోగ్రాఫ్‌లో ముల్లు నింపాదిగా తిరుగుతూ వెనక్కి వస్తుంది. ఖరీదైన వాచీ చేతిలో పట్టుకున్న ఫీలింగ్ సగం ఆ టక్కులోనే ఉంది.

వీకే64 దీని తమ్ముడు. చిన్న డయళ్ళు రెండే, ఎప్పుడూ తిరిగే సెకన్ల ముల్లు ఉండదు. వీకే63 డయల్ వీకే64కి పనికిరాదు, దానిది దీనికి పనికిరాదు.

సెల్లు లేకుండా కీ ఇచ్చి నడిపేదే కావాలంటే సీగల్ ఎస్‌టీ19 ఉంది. స్విట్జర్లాండ్‌కి చెందిన వీనస్ 175 నుంచి వచ్చిన చైనా మిషన్ ఇది. గంటకు 21,600 కొట్లు, స్టాప్‌వాచ్‌ను నడిపించి ఆపే స్తంభాల చక్రం (కాలమ్ వీల్) ఉంటుంది. వెనక గాజు మూత పెడితే చూడ్డానికి కన్నుల పండుగ. కానీ దుమ్ము కణం పడినా, స్క్రూడ్రైవర్ జారినా తట్టుకోలేదు. రెండో వాచీకి దాచుకోండి. వాల్జూ 7750 అనే స్విట్జర్లాండ్ మిషన్‌కు వచ్చే నకళ్ళ గురించి కూడా అడుగుతుంటారు. అవి మందంగా ఉంటాయి, నాణ్యత ఒక్కోదానిది ఒక్కో రకం. మొదటిసారికి వద్దంటాను. ఇక్కడి నుంచి చెప్పేదంతా వీకే63 గురించే.

కావలసినవి

విడిభాగాలు: వీకే63 మిషన్, దానికే అని రాసి అమ్మే కేసు (గాజు, కీ, రెండు బటన్లు, వెనక మూత, రబ్బరు రింగులతో సహా), డయల్, ఆరు ముళ్ళ సెట్టు, మిషన్‌ను కేసులో కదలకుండా పట్టే ప్లాస్టిక్ రింగు, అదనంగా రెండు స్టెమ్‌లు, ఎస్‌ఆర్936ఎస్‌డబ్ల్యూ సెల్లు, బెల్టు లేదా చైను. కీ అంటే టైము మార్చడానికి పక్కన తిప్పే బుడిపె, స్టెమ్ అంటే దాన్ని మిషన్‌కు కలిపే సన్నటి కడ్డీ. అదనపు స్టెమ్‌లు ఎందుకో కిందకు వెళ్ళేసరికి మీకే తెలుస్తుంది.

పనిముట్లు: కంటికి పెట్టుకునే భూతద్దం, మొన సన్నగా ఉండే ట్వీజర్ రెండు, మిషన్‌ను నిలబెట్టే హోల్డరు, ముళ్ళు కూర్చోబెట్టే ప్రెస్సు, ముళ్ళు లేపే జత మీటలు, స్టెమ్ కత్తిరించే కట్టర్, సన్న ఆకురాయి, కడ్డీని పట్టుకునే పిన్ వైస్, వెనక మూత తిప్పే ఓపెనర్, గాలి ఊదే రబ్బరు బుడ్డి, దుమ్ము అంటించుకుని తీసే రోడికో బంక, వేళ్ళకు రబ్బరు తొడుగులు, కొంచెం సిలికాన్ గ్రీజు.

నోటితో ఊదకండి. తుంపర పడితే డయల్ మీద మచ్చ పడుతుంది, అది పోదు.

ఎక్కడ దొరుకుతాయంటే, మిషన్, సెల్లు బెంగళూరు, హైదరాబాద్ వాచీ సామాను వ్యాపారుల దగ్గర దొరుకుతాయి. అనంతపురం వాళ్ళకు బెంగళూరే దగ్గర. కేసు, డయల్, ముళ్ళు ఎక్కువగా బయటి దేశాల నుంచి వస్తాయి. అలీఎక్స్‌ప్రెస్‌ను 2020 నవంబరులో మన ప్రభుత్వం ఆపేసింది కాబట్టి మిగతా అమ్మకందార్లను చూసుకోవాలి. ధర లెక్క వేసేటప్పుడు కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలుపుకోండి. కేసు, డయల్, ముళ్ళు వీలైతే ఒకే అమ్మకందారు దగ్గర తీసుకోండి. సైజు తేడా వస్తే ఎవరి తప్పో తేల్చుకునే తలనొప్పి ఉండదు.

డయల్ కొనేముందు ఇది చూడండి

వీకే63లో చిన్న ముళ్ళ పని ఇదీ: 9 దగ్గరది స్టాప్‌వాచ్ నిమిషాలు, 60 దాకా లెక్కపెడుతుంది. 6 దగ్గరది మామూలు సెకన్లు. 3 దగ్గరది 24 గంటల ముల్లు, స్టాప్‌వాచ్‌తో దానికి సంబంధమే లేదు. కుర్రాళ్ళు మోజుపడే అసలు రోలెక్స్ డేటోనా వాచీలో 3 దగ్గర 30 నిమిషాల లెక్క, 9 దగ్గర 12 గంటల లెక్క ఉంటాయి. దాన్ని అచ్చుగుద్దినట్టు దించిన డయల్‌ను వీకే63 మీద పెడితే వాచీ అందంగానే ఉంటుంది, లెక్కలన్నీ అబద్ధం చెబుతాయి. డయల్ ఫొటోను పెద్దది చేసి చూడండి: 9 దగ్గర 60, 3 దగ్గర 24 ఉండాలి. తేదీ కిటికీ లేని డయల్ తీసుకుంటే కీ లాగినప్పుడు మధ్యలో ఒక ఖాళీ క్లిక్కు తగులుతుంది. అది లోపం కాదు.

పని చేసే చోటు

మన ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది, కేసు మూయడానికి అది మంచిదే. చిక్కల్లా దుమ్ముతోనే. ఉదయాన్నే, గాలి లేవకముందే మొదలుపెట్టండి. ముందు గదిని తడిబట్టతో తుడిచి అరగంట వదిలేయండి. ఫ్యాను, కూలరు ఆపాలి. చెమట పడితే మధ్యలో లేచి చల్లబడి రండి, ఫ్యాను మాత్రం వేయకండి. కూలరు నడిచిన గదిలో తేమ కూడా ఉంటుంది, అది కేసులో చిక్కుకుంటే ఏసీ గదిలోకి వెళ్ళగానే గాజు లోపల పొగమంచు కడుతుంది. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, అంచులున్న పళ్ళెంలో పని చేయండి. కింద పడిన సెకన్ల ముల్లు మొజాయిక్ గచ్చు మీద దొరకడం కష్టం.

బిగించే వరుస

1. మిషన్ పరీక్ష. డయల్ తగిలించకముందే సెల్లు వేసి చూడండి. స్టెమ్ మూడు స్థానాల్లోనూ కదులుతోందా? పక్కన ఉన్న మీటలను ట్వీజర్ వెనక భాగంతో మెల్లగా నొక్కితే స్టార్ట్, స్టాప్, రీసెట్ పనిచేస్తున్నాయా? ఇప్పుడే తేడా తెలిస్తే వెనక్కి పంపవచ్చు. ముళ్ళు పెట్టాక ఎవరూ తీసుకోరు.

2. కేసు ఖాళీగా పరీక్ష. బటన్లు నొక్కితే లోపలికి వెళ్ళి వెంటనే స్ప్రింగుతో బయటికి రావాలి. ఇరుక్కుంటే గ్రీజు చుక్క. అప్పటికీ రాకపోతే కేసు మార్చండి. మర బిగించే బటన్లున్న కేసు మొదటిసారికి వద్దు, మర బిగించే కీ కూడా వద్దు. నేరుగా నొక్కే, లాగే రకం చాలు.

3. డయల్ కూర్చోబెట్టడం. డయల్ వెనక ఉన్న రెండు కాళ్ళు మిషన్ రంధ్రాల్లోకి నేరుగా దిగాలి. దిగకపోతే మిషన్ నంబరు, డయల్ నంబరు మళ్ళీ చూడండి. బలవంతంగా నొక్కితే కాలు విరుగుతుంది. విరిగితే డయల్ కోసం అమ్మే సన్నటి అంటుడు చుక్కలు వాడుకోవచ్చు. ఫెవిక్విక్ మాత్రం వాడకండి, దాని ఆవిరికి డయల్ తెల్లగా మసకబారుతుంది. కూర్చున్నాక మూడు చిన్న ఇరుసులూ వాటి రంధ్రాల నడిమధ్యలో కనిపించాలి.

4. ముళ్ళు. అసలు పని ఇదే, దీనికే సగం పూట పెట్టుకోండి.

ముందు సెల్లు తీసేయకుండానే రీసెట్ నాలుగైదుసార్లు నొక్కండి. స్టాప్‌వాచ్ చక్రాలు సున్నా స్థానంలో గట్టిగా నిలబడాలి. తర్వాత కీ లాగి, తేదీ మారే క్షణం దాకా ముందుకు తిప్పండి. తేదీ పలక కొత్త అంకెకు మారిన చోటే మీ అర్ధరాత్రి 12. తేదీ కిటికీ లేకపోతే డయల్ పెట్టకముందే ఈ స్థానం చూసి పెట్టుకోవాలి.

వరుస ఇది: మొదట మూడు చిన్న ముళ్ళు, తర్వాత గంటల ముల్లు, నిమిషాల ముల్లు, చివరగా పెద్ద సెకన్ల ముల్లు.

24 గంటల ముల్లు గంటల ముల్లుతో కలిసే తిరుగుతుంది, దాన్ని విడిగా సరిచేసే దారి లేదు. అర్ధరాత్రి స్థానంలో రెండూ 12, 24 మీదే ఉండేట్టు కూర్చోబెట్టండి. పట్టించుకోకపోతే మధ్యాహ్నం రెండింటికి అది తెల్లవారుజాము రెండు చూపిస్తుంది, లేదా ఎటూ కాకుండా మధ్యలో వేలాడుతుంది.

9 దగ్గరి నిమిషాల ముల్లు, మధ్యలో పెద్ద సెకన్ల ముల్లు ఈ రెండూ కచ్చితంగా సున్నాలో కూర్చోవాలి. వీకే63లో వీటిని కీతో, బటన్లతో సున్నాకి జరిపే ఏర్పాటు లేదు. వంకరగా పెడితే లేపి మళ్ళీ పెట్టాల్సిందే. భూతద్దం పెట్టి, తల నేరుగా పైన ఉంచి చూడండి. పక్క నుంచి చూస్తే వంకరది నిటారుగా కనిపిస్తుంది.

ఎంత గట్టిగా నొక్కాలి అనేది అందరి టెన్షన్. వదులుగా ఉంటే రీసెట్ దెబ్బకు ముల్లు ఇరుసు మీదే జారి, ఒక్కోసారి 58 దగ్గర, ఒక్కోసారి 3 దగ్గర ఆగుతుంది. మరీ నొక్కితే డయల్‌కో, కింది ముల్లుకో రాసుకుంటుంది. ముల్లు కూర్చున్నట్టు చేతికి తెలిసేదాకా నిటారుగా నొక్కి ఆపండి. మిషన్ కింద హోల్డరు ఆసరా తప్పకుండా ఉండాలి. ప్రతి ముల్లు తర్వాత కంటి ఎత్తుకు లేపి పక్క నుంచి చూడండి: ముల్లుకు ముల్లుకు మధ్య వెలుతురు కనబడాలి.

తర్వాత కీ తిప్పి పూర్తిగా 12 గంటలు నడిపించండి. గంటల ముల్లు మూడు చిన్న ముళ్ళ మీదుగా తగలకుండా దాటాలి. చివరగా స్టార్ట్, స్టాప్, రీసెట్ ఇరవైసార్లు. ఇరవైసార్లూ పెద్ద ముల్లు ఒకే చోట ఆగాలి. ఎప్పుడూ ఒకే పక్కకు, ఒకే దూరంలో తేడా ఉంటే ముల్లు పెట్టడంలో తప్పు. ప్రతిసారీ వేరే చోట ఆగితే ముల్లు వదులు. రెండో రకానికి మళ్ళీ మళ్ళీ నొక్కినా లాభం లేదు. ముల్లు రంధ్రం పెద్దదైపోయి ఉంటుంది, కొత్త ముల్లు తెప్పించండి.

ముళ్ళు లేపాల్సి వస్తే డయల్ మీద పలుచటి ప్లాస్టిక్ కాగితం పరిచి, రెండు మీటలతో రెండు పక్కలా ఒకేసారి ఎత్తండి. ఒక్క పక్క నుంచి ఎత్తితే ఇరుసు వంగుతుంది.

5. స్టెమ్ కొలత. మిషన్‌తో వచ్చే స్టెమ్ పొడవుగా ఉంటుంది, మీ కేసుకు సరిపడా కత్తిరించుకోవాలి. ముందు స్టెమ్ తీసి, మిషన్‌ను రింగుతో సహా కేసులో పెట్టండి. కీని స్టెమ్‌కు పూర్తిగా మర బిగించి, కేసు రంధ్రం గుండా లోపలికి తోయండి. క్లిక్కుమని పట్టుకున్నాక కీకి, కేసుకు మధ్య ఎంత ఖాళీ ఉందో కొలవండి. ఆ ఖాళీ కంటే అర మిల్లీమీటరు తక్కువ కత్తిరించండి. మిగతాది ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీస్తూ, ప్రతిసారీ పెట్టి చూసుకోవాలి. కత్తిరించేది కీ మర ఎక్కే వైపు, మిషన్‌లోకి వెళ్ళే వైపు కాదు. కడ్డీని పిన్ వైస్‌లో పట్టుకుని, కొసను చదును చేయండి. ముక్క ఎగిరి కంట్లో పడకుండా వేలు అడ్డం పెట్టండి.

సరిపోయిందని ఎలా తెలుస్తుంది? కీ కేసును ఆనుకోవాలి. లాగితే రెండు క్లిక్కులూ స్పష్టంగా రావాలి, లోపలికి తోస్తే సెకన్లు మళ్ళీ నడవాలి. కీ ఆనినా సెకన్లు నడవకపోతే స్టెమ్ పొట్టిదైంది, కీ పూర్తిగా లోపలికి చేరకముందే కేసు అడ్డుకుంటోంది. అప్పుడు రెండో స్టెమ్ తీయండి. అన్నీ కుదిరాకే మరకు సూదిమొనంత పల్చటి థ్రెడ్‌లాకర్ (మర ఊడకుండా పట్టే జిగురు) రాసి బిగించండి. గట్టి రకం వాడితే రేపు విప్పలేరు.

స్టెమ్ బయటికి తీయడానికి మిషన్ వెనక చిన్న గుంటలాంటి చోటు ఉంటుంది, అక్కడ మెల్లగా నొక్కుతూ కీ లాగాలి. గట్టిగా గుచ్చితే లోపలి మీట పక్కకు పడుతుంది. అదైతే రిపేరు చేసే పెద్దాయన దగ్గరికే వెళ్ళాలి.

6. బటన్లు. మిషన్ కేసులో ఉన్నప్పుడు పై బటన్ ఒక్క నొక్కుకు స్టార్ట్, ఇంకో నొక్కుకు స్టాప్, కింది బటన్‌కు రీసెట్ రావాలి. సగం నొక్కులు తప్పిపోతుంటే మిషన్ కేసులో తిరుగుతోందన్నమాట. ప్లాస్టిక్ రింగు వదులుగా ఉంది, దాన్ని మార్చండి. బటన్‌ను ఇంకా గట్టిగా నొక్కడం మందు కాదు.

7. మూయడం. గాజు లోపలి వైపు, డయల్ మీద గాలి ఊది, రోడికోతో అద్దండి. వెలుతురు ఒక పక్క నుంచి పడేట్టు పెట్టి చూస్తే నూగు, పోగు కనిపిస్తాయి. మూశాక కనిపించే ఒక్క పోగు మీకు ఏడాది పొడుగునా చిరాకు తెప్పిస్తుంది. రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు పల్చగా రాసి, గాడిలో మెలిక పడకుండా పెట్టి, మూత తిప్పండి.

నీటి సంగతి

కేసు వెనక 100 మీటర్లు అని చెక్కి ఉండవచ్చు. అది కేసు తయారుచేసినవాడి మాట, మీరు బిగించిన వాచీకి ఆ హామీ వర్తించదు. గ్లాసు నీళ్ళలో ముంచి చూడకండి. కారితే మిషన్ పోతుంది, కారకపోతే కూడా ఏమీ రుజువు కాదు. గాలి ఒత్తిడితో పొడిగా పరీక్షించే పరికరం ఉన్న షాపులో చూపించండి. అది కుదరకపోతే చేతులు కడుక్కునేటప్పుడు, చెరువుకో బావికో వెళ్ళేటప్పుడు తీసి పక్కన పెట్టండి. నీటిలో బటన్లు నొక్కడం ఎప్పుడూ చేయకండి.

ఫలితం చూసుకోవడం

ఒక రోజంతా నడిపి అర్ధరాత్రి తేదీ మారుతోందా చూడండి. మధ్యాహ్నం మారితే టైము పన్నెండు గంటలు తేడాగా పెట్టారన్నమాట. ఫోను స్టాప్‌వాచ్‌తో కలిపి ఒకేసారి నొక్కి అరగంట నడపండి, రెండూ కలిసే ఆగాలి. టైము విషయానికొస్తే నెలకు 20 సెకన్ల లోపు తేడా మామూలే. క్వార్ట్జ్ సుమారు 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచి, అంతకంటే వేడైనా, చల్లబడినా కొద్దిగా నెమ్మదిస్తుంది. చేతికి పెట్టుకుంటే శరీరం వేడికి పెద్ద తేడా రాదు. కడప మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే మాత్రం వెనకబడుతుంది, సెల్లు కూడా త్వరగా పాడవుతుంది.

అంచు మీద టాకీమీటర్ (గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగమో చూపే) అంకెలుంటే దాన్నీ పరీక్షించవచ్చు. జాతీయ రహదారి 44 మీద గుత్తి వైపు వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చోండి. ఒక కిలోమీటరు రాయి దాటగానే స్టార్ట్, తర్వాతి రాయికి స్టాప్. 45 సెకన్లు పడితే ముల్లు 80 చూపాలి, 40 పడితే 90. అరవై సెకన్లు దాటితే ఆ అంకెలు పనికిరావు. బండి నడుపుతూ మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

తర్వాత జాగ్రత్తలు

పెద్ద సెకన్ల ముల్లును అందం కోసం ఎప్పుడూ తిప్పుతూ ఉంచకండి, సెల్లు తొందరగా అయిపోతుంది. ముల్లు తిరుగుతుండగా రీసెట్ నొక్కకండి, ముందు స్టాప్. స్పీకరు, ఫోను అయస్కాంతపు కవరు పక్కన రాత్రంతా పెట్టకండి. సెల్లు మామూలుగా మూడేళ్ళ దాకా వస్తుంది. ఆగిపోయిన సెల్లును లోపలే నెలల తరబడి ఉంచితే కారి మిషన్‌ను తినేస్తుంది. సెల్లు మార్చడానికి మూత తీసిన ప్రతిసారీ రబ్బరు రింగు కూడా మార్చండి. మిగిలిన స్టెమ్‌ను, మిషన్ నంబరు రాసిన చీటీని ఒక చిన్న డబ్బాలో వేసి ఉంచుకోండి, రిపేరు చేసేవారు ముందు అడిగేది ఆ నంబరే.